ఎవరి నీళ్ళూ ముట్టని హెడ్డు

మా ఆయన పోలీసు. ఈ మాట నేనెక్కడా ముందుగా చెప్పేదాన్ని కాదు. నంద్యాలలో నేను పాఠాలు చెప్పే మిషన్ బడికి కొత్తగా ఎవరైనా టీచరు వచ్చి, మీవారేం చేస్తారని అడిగితే, గవర్నమెంటు ఉద్యోగమని ఊరుకునేదాన్ని. పోలీసని తెలిస్తే మనుషుల మొహాలు మారిపోతాయి. కొందరు లేని మర్యాద తెచ్చిపెట్టుకుంటారు. కొందరు ఆ పూట నుంచి మన గడప తొక్కరు. నాకు రెండూ పడవు. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు ఏనాడూ పలకలేదు, ఇప్పుడు రాస్తే ఎవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది.

డెబ్బైల మొదట్లో మా పెళ్ళయ్యేనాటికి ఆయన నంద్యాలలోనే కానిస్టేబులు. వాళ్ళది పాములపాడు దగ్గర ఒక పల్లె. కొంచెం మెట్టపొలం, ఆదివారమైతే గుడి, ఇంట్లో అందరికీ కలిపి ఒక బైబిలు. కొడుకును టీచరు చేయాలని మా మామకు కోరిక. ఆయనకేమో పుస్తకమంటే ఒళ్ళుమంట, పరుగుపందెమంటే ప్రాణం. పరుగెత్తి పోలీసయ్యాడు. "సదివి నువ్వు టీచరైనావు, ఉరికి నేను పోలీసైనా. ఇద్దరికీ ఒకటో తేదీనే గదా జీతం" అని నన్ను ఆటపట్టించేవాడు.

శివరాత్రికి ఆయనకు మహానందిలో బందోబస్తు పడేది. తప్పిపోయిన పిల్లల్ని వెతికి పెట్టడం, ముసలమ్మల్ని చెయ్యిపట్టి మెట్లు దించడం ఆ రోజుల్లో ఆయన పని. ఎవరో ఒక ముసలమ్మ సంతోషపడి నుదుట విభూతి పూసి పంపేది. ఆయన అట్లాగే ఇంటికొచ్చేవాడు. మా అత్త చూసి తల పట్టుకునేది. "పాస్టరు అయ్యగారు చూస్తే ఏమంటాడురా?" అంటే, "చెమటకు పోతుందిలేమ్మా" అని మొహం కడుక్కోకుండానే అన్నానికి కూర్చునేవాడు. పోలీసు ఉద్యోగమంటే ఇంతే అనుకున్నాను నేను. ఒక టోపీ, ఒక లాఠీ, కొంచెం విభూతి.

తర్వాత హెడ్ కానిస్టేబులయ్యాడు. ఆళ్ళగడ్డకు వేశారు.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో పోతే పొద్దున టిఫిను అరిగేలోగా దిగొచ్చు. కానీ అది వేరే లోకం. ఆ చుట్టుపట్ల ఏ పల్లెకు పోయినా మనుషులు రెండు పార్టీలు. రెండు వీధులు, రెండు టీ బంకులు, రెండు బావులు. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఎగిరేటప్పుడు కూడా ఈ పార్టీ ఒకసారి, ఆ పార్టీ ఒకసారి. కొత్తగా పోలీసు ఎవరైనా వస్తే ఆయన ఊరేది, కులమేది అని అడగరు. "ఈయప్ప ఎవరోడు?" అని అడుగుతారు. ఎవరోడూ కాని పోలీసు ఉంటాడని వాళ్ళు నమ్మరు. నమ్మడానికి వాళ్ళకు కారణమూ లేదు.

ఆయన అక్కడికి పోయిన కొత్తల్లోనే ఒక సంగతి జరిగింది. ఆయనతో పాటు ఉన్న ఒక కానిస్టేబులు ఎండలో సమన్లు ఇవ్వడానికి ఒక పల్లెకు పోయి, నాలుక పిడచకట్టుకుపోతుంటే ఒక పెద్దింటి అరుగు మీద కూర్చుని గ్లాసెడు మజ్జిగ తాగాడు. అంతే. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదట. ఆ సాయంత్రమే అవతలి పార్టీవాళ్ళ గడ్డివామి కాలింది. మా వామి యాడుందో మజ్జిగ తాగినోడే చెప్పినాడు అన్నారు. వామి ఊరందరికీ కనబడే చోటే ఉంది, పోలీసు చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ మాట ఎవరు వింటారు? మరుసటి వారం బస్సు దిగుతున్న ఆ కానిస్టేబుల్ని పట్టుకుని మోకాలి చిప్ప పగలగొట్టారు. ఆ కుర్రాడు ఆసుపత్రి మంచం మీద "మజ్జిగలో ఉప్పు గూడ లేదన్నా" అన్నాడట. మా ఆయన ఈ మాట నాకు నవ్వుతూ చెప్పాడు.

అప్పటినుంచి ఆయన డ్యూటీ మీద ఉన్నంతసేపూ ఎవరింటి నీళ్ళూ ముట్టడం మానేశాడు. నీళ్ళు, మజ్జిగ, టీ, తమలపాకు, ఏదీ లేదు. వాళ్ళమ్మ పొలానికి మోసుకుపోయే సొరబుర్ర ఒకటి పల్లె నుంచి తెచ్చుకున్నాడు. ఎండిన సొరకాయ లోపల తొలిచి చేసిన బుర్ర, అందులో పోసిన నీళ్ళు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. దానికి తాడు కట్టి భుజానికి వేసుకునేవాడు. ఒకవైపు తుపాకి, ఒకవైపు సొరబుర్ర. స్టేషన్లో నవ్వారు. పల్లెల్లో మొదట నవ్వారు, తర్వాత చూడటం మొదలుపెట్టారు. ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు. పెళ్ళిళ్ళకు పిలిచి చూశారు, చావులకు పిలిచి చూశారు. పోయి, నిలబడి, నమస్కారం పెట్టి వచ్చేవాడే కానీ నోట్లో చుక్క వేసుకునేవాడు కాదు. చివరికి రెండు పార్టీలవాళ్ళూ ఒక మాట మీదికి వచ్చారు: సొరబుర్ర హెడ్డు ఎవరోడూ కాదు. ఆయన రాసిన పంచనామాకు రెండు వైపులవాళ్ళూ వేలిముద్ర వేసేవాళ్ళు. ఆయన మధ్యలో నిలబడితే కొడవళ్ళు దింపేవాళ్ళు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అనే చోట, పామూ కప్పా రెండూ నమ్మిన మనిషి అని ఎస్సైలు మారినప్పుడల్లా కొత్తాయనకు చెప్పి పోయేవాళ్ళట.

నాకు మాత్రం ఆ పేరు వల్ల పైసా సుఖం లేదు. నేను నంద్యాలలో, మా పాప నా దగ్గర, ఆయన ఆళ్ళగడ్డలో. వీలుంటే వారానికొకసారి, లేకపోతే నెలకొకసారి. బస్సు దిగి వస్తే నేను చెంబుతో నీళ్ళిచ్చి, "ఈడన్నా తాగుతావా, నాది యా పార్టీనో కనుక్కోని తాగుతావా?" అనేదాన్ని. "నీ పార్టీలోకి తాళి కట్టేటప్పుడే చేరినా గదా టీచరమ్మా" అని గటగటా తాగేవాడు.

నంద్యాలకు బదిలీ చేయించుకోమని పోరేదాన్ని. అది పెద్ద కష్టమేమీ కాదు. ఏదో ఒక పార్టీ పెద్దాయనతో ఒక్క మాట చెప్పిస్తే అయిపోతుంది, అందరికీ అట్లాగే అవుతోంది. ఆయన వినలేదు. "మాట చెప్పించుకున్నోడు తర్వాత మాట పడాల" అన్నాడు. ఆ రోజు నాకు బాగా కోపం వచ్చింది. మా పాపకు జ్వరం, బడిలో పరీక్షలు, ఇంట్లో నేనొక్కదాన్నే.

"నీ పేరును వండుకోని తింటామా?" అన్నాను.

"కోపం చేసుకుంటాండావు" అన్నాడు.

"చేసుకోకుంటే ఏం జేయమంటావు? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. యాడికన్నా పోయినోడు వస్తాడో రాడో అని నేను బస్సులు చూస్తా కూచోవాల్నా?"

ఆయన కొంచెంసేపు పాప తల నిమురుతూ కూర్చున్నాడు. "నన్ను ఎవురూ కొట్టర్లే. నాతో ఎవురికీ పగ లేదు" అన్నాడు. అది నిజమే. ఆయన్ని ఎవరూ కొట్టలేదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం. ఆళ్ళగడ్డ అవతల ఒక పల్లెలో రెండు వీధుల మధ్య గొడవ ముదిరి, ఒక మనిషి పోయాడు. ఆ ఊరి బడిలో పోలీసు పికెట్టు పెట్టారు. పికెట్టంటే పోలీసులు ఊరి మధ్యలో కాపురం పెట్టడమే. బడి ఎట్లాగూ సెలవులు, బెంచీలే మంచాలు. మా ఆయన, ఇద్దరు కానిస్టేబుళ్ళు. అన్నం అక్కడే వండుకునేవాళ్ళు. నీళ్ళు మాత్రం రోజూ జీపులో డ్రమ్ముతో వచ్చేవి. ఊళ్ళో పై వీధికొక బావి, కింద వీధికొక బావి. ఊరి బయటి పేట కూడా రెండు పార్టీల కింద రెండు ముక్కలే. కాలువ ఎండాకాలం కాబట్టి కట్టేశారు. ఎవరిదీ కాని నీళ్ళు ఆ ఊళ్ళో లేవు.

ఆయన మధ్యలో ఒకసారి ఇంటికొచ్చి పోయాడు. సంగటి, వేరుశనగ బుడ్డల చట్నీ చేసి పెట్టాను. కడుపు బాగలేదని సగమే తిన్నాడు. మా పాపకు కొత్త పలక కొనిస్తానని చెప్పి మర్చిపోయి పోయాడు. అంతకు మించి చెప్పుకోవాల్సింది ఆ రాకలో ఏమీ జరగలేదు. నేను తర్వాత చాలాసార్లు వెతికాను, ఏమీ లేదు.

ఆయన అట్లా వచ్చిపోయిన కొద్ది రోజులకే, ఒక రోజు నేను మిద్దె మీద బియ్యం వడియాలు పెట్టాను. పొద్దు వాలుతుండగా ఎత్తుదామని ఎక్కితే కింద జీపు ఆగింది. ఎస్సై దిగాడు. వయసులో నాకంటే చిన్నవాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, పైకి చూసి, "అమ్మా, హెడ్డుకు రోంత బాగలేదు. పెద్దాసుపత్రికి తెచ్చినాం. మీరు రావాల" అన్నాడు. టోపీ తీసినప్పుడే నాకు తెలిసిపోయింది. బాగలేదని చెప్పడానికి టోపీ తీయరు.

"వస్తా ఉండప్పా" అని, వడియాలు ఎత్తడం మొదలుపెట్టాను. గాలి లేచింది, దుమ్ము పడుతుందని అనిపించింది. ఒక్కొక్కటీ బట్ట నుంచి ఊడదీసి చేటలో వేశాను. కొన్ని పచ్చిగా ఉన్నాయి, వాటిని వేరే పెట్టాను. జీపు కింద ఆగే ఉంది. ఇరుగుపొరుగు గుమిగూడారు. తర్వాత మా వీధిలో ఈ సంగతి చాలాకాలం చెప్పుకున్నారు, మొగుడు పోయినాడంటే వడియాలు ఎత్తుకునింది చూడు అని. నిజమే, ఎత్తుకున్నాను. నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. అనిపించలేదు, అంతే.

ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. ఒంటి మీద చిన్న గీత లేదు. అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్ళు గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. వాళ్ళు చెప్పింది ఇది. ఆ పొద్దున జీపు దారిలో చెడిపోయి రాలేదు. మధ్యాహ్నం దాకా చూశారు. ముందు రోజు నుంచీ ఆయనకు కడుపులో ఏమీ నిలవలేదు, తాగింది తాగినట్టే పోయింది. ఉన్న నీళ్ళు అయిపోయాయి. పక్క ఊరి నుంచి కావడితో తెమ్మని ఇద్దర్నీ ఆయనే పంపాడు. నువ్వు గూడ రా సారూ, ఆడ నీడన పండుకుందువు అన్నారట. పికెట్టు ఖాళీ చేస్తే చాలు, రెండు వీధులూ లేస్తాయి, నేనుంటా పోండి అన్నాడట. వాళ్ళు కావడి మోసుకుని వచ్చేసరికి బడి ముందర ఊరంతా నిలబడి ఉంది. "మేం పోకుండా ఉంటే బాగుండె అక్కా" అని చిన్నవాడు నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను అతని తల మీద చెయ్యి వేశాను. వేయాలి కాబట్టి వేశాను.

మరునాడు సమాధుల తోటకు తీసుకుపోవాలి. మా అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే వీధి మొదట్లో ట్రాక్టర్లు ఆగాయి. ఆ పల్లె వాళ్ళు. ముందు పై వీధి వాళ్ళు, వెనకనే కింద వీధి వాళ్ళు. ఇద్దరి చేతుల్లోనూ పెద్ద పూలదండలు. ఎస్సై నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు.

"అమ్మా, పెట్టె మేమే మోస్తామని రెండు పార్టీలోళ్ళూ అంటాండారు. ఒకరికిస్తే ఇంకొకరు ఊరుకోరు. ఏం జేద్దాం?"

పెట్టె దిక్కు చూసి, "ఆయన్నే అడుగు" అన్నాను.

ఆ అబ్బాయి మొహం వాడిపోయింది. పాపం, అతని తప్పేముంది? చివరికి అతనే తేల్చాడు. పెట్టెకు కుడివైపు పై వీధి వాళ్ళు, ఎడమవైపు కింద వీధి వాళ్ళు. పై వీధి వాళ్ళు పొడుగు, కింద వీధి వాళ్ళు పొట్టి. పెట్టె దారి పొడుగునా ఒక పక్కకు వాలిపోయింది. లోపల ఆయన ఒరిగిపోతాడేమోనని నేను దాన్నే చూస్తూ నడిచాను. బాంబుకో కొడవలికో పోయుంటే గౌరవానికి గాల్లోకి తుపాకులు పేల్చేవాళ్ళట. ఎండకు పోయినవాడికి ఆ రూలు ఉందో లేదో నేను అడగలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ రోజు ఆయన కళ్ళు చేటంత అయ్యాయి. "రెండు పార్టీలూ కలిసి మోసిన పోలీసోడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు" అన్నారు. "గొంతెండి చచ్చిపోతాండినా ఇంకొకరి నీళ్ళు అడగలేదు చూడు" అన్నారు. అయ్యగారు కూడా ఆదివారం ప్రసంగంలో అదే చెప్పారు. ఎంత దాహమేసినా చెయ్యి చాపని నీతిమంతుడని. గుడిలో ఆడవాళ్ళు నన్ను తిరిగి తిరిగి చూశారు.

ఆ మాట నాకు మందులాగ పనిచేసింది. ఏడుపు రాని మనిషికి ఏదో ఒకటి పట్టుకోవడానికి కావాలి. బడి తెరిచాక పోయి ఎక్కాలు చెప్పాను. పిల్లలు తప్పు చెప్తే దిద్దాను. ఇంటికొచ్చి పాపకు జడ వేశాను. తిన్నదాని రుచి తెలిసేది కాదు, ఉప్పెక్కువైందని పాప చెప్తే అప్పుడు తెలిసేది. మా అత్త పల్లె నుంచి వచ్చి, నేను ఏడవడం లేదని కోపం చేసుకుని, ఆమె ఒక్కతే ఏడ్చి ఏడ్చి పోయింది. నేను మాత్రం ఎవరైనా పరామర్శకు వస్తే, "ఆయన ఎవర్నీ నీళ్ళు గూడ అడగలేదు" అని చెప్పేదాన్ని. చెప్పి చెప్పి ఆ మాట నాకు కంఠతా వచ్చింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు పెద్దవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఒకాయన పై వీధి పెద్ద, ఒకాయన కింద వీధి పెద్ద. ఒకే బస్సులో వచ్చి ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో మాత్రం ఇంకొకరు పట్టేంత చోటు వదిలారు. ఆ చావు తర్వాత ఊళ్ళో గొడవలు ఆగిపోయాయని, పికెట్టు ఎత్తేశారని చెప్పారు. హెడ్డు పేరు మీద బడి ముందర చలివేంద్రం పెడుతున్నామన్నారు. దారిన పోయేవాళ్ళందరికీ కుండ నీళ్ళు. రెండు వీధులూ కలిసి పెడుతున్నాయి.

"నువ్వొచ్చి మొదటి చెంబు నీ చేత్తో పోయాల టీచరమ్మా" అన్నాడు పై వీధి పెద్ద.

"నువ్వొస్తేనే తెరుస్తాం" అన్నాడు కింద వీధి పెద్ద.

వస్తానని నాకే తెలియకుండా తల ఊపాను. ఆయన చివరిసారి కూర్చున్న చోటు చూడాలనిపించింది. అది కోరికని కూడా చెప్పలేను.

ఆ ఊరికి పోవడం అదే మొదటిసారి. బడి చిన్నది, ముందర వసారా, వసారాకు రాతి స్తంభాలు. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు రాసిన అచ్చులు ఉన్నాయి. పందిరి కింద కొత్త కుండలు వరసగా పెట్టి తడిగుడ్డలు చుట్టారు. జనం ఇంకా చేరుతున్నారు. నేను వసారా మెట్టు మీద కూర్చున్నాను. బడికి ఎదురుగా కింద వీధి మొదటి ఇల్లు. ఆ ఇంట్లో నుంచి ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నా మొహంలోకి చూసి, ఏ మర్యాద మాటా లేకుండా మొదలుపెట్టింది.

"ఈ స్తంభం కాడనే నిలబడుకోని అడిగినాడమ్మా నీ మొగుడు."

"ఏం అడిగినాడు?"

"నీళ్ళు. 'అవ్వా, రోంత నీళ్ళుంటే ఇయ్యి' అనె. నేను ఆడ గడపలో కూచోని బియ్యం చెరుగుతాండా. ఇన్నేండ్లు అడగనోడు అడిగెనే అని బేగా లేసి చెంబు ముంచుకొంటి. నా కొడుకు చెయ్యి పట్టుకునె. ఏందీ, నీకేమన్నా పిచ్చి పట్టిందా, మనం నీళ్ళిస్తే ఆయప్ప మనోడైపోతాడు, ఇన్నేండ్ల పేరు ఈ పొద్దుతో పోతాది అనె."

అవ్వ ఆపకుండా చెప్పుకుంటూ పోయింది. కొడుకు పరుగెత్తి కింద వీధి పెద్ద దగ్గరికి పోయాడట. పెద్దాయన ఆలోచించాడు. నీళ్ళివ్వాలి, కానీ మనమొక్కరమే ఇస్తే ఆ మంచి మనిషిని చెడగొట్టినట్టు అవుతుంది, పై వీధికి కూడా చెప్పి ఇద్దరం కలిసి ఇద్దాం అన్నాడు. రెండు వీధులకూ మాటల్లేవు. ఇద్దరికీ బట్టలుతికే చాకలాయన ఒక్కడే అటూ ఇటూ పోగలడు. ఆయన పక్క ఊరి రేవులో ఉంటే పిలిపించారు. ఆయన పోయి పై వీధిలో చెప్పాడు. వాళ్ళు మొదట నమ్మలేదు, ఇందులో ఏం మతలబుందో అన్నారు. తర్వాత పై వీధి పెద్దే సరేనన్నాడు. మా బావి నీళ్ళొక చెంబు, వాళ్ళ బావి నీళ్ళొక చెంబు, కలిపి ఇద్దాం. మరి ఎవరి కుండలో? ఎవరి కుండలో పోసినా మాటే. కుమ్మరింటి నుంచి ఎవరూ వాడని కొత్త కుండ తెప్పించారు.

"కొత్త కుండ గదమ్మా" అంది అవ్వ. "పోసినవి పోసినట్టే సగం నీళ్ళు అదే తాగేసె. మళ్ళా ఇంకొక చెంబు, ఇంకొక చెంబు. మా ఊరు పుట్టినంక రెండు వీధులోళ్ళు కలిసి చేసిన పని అదొకటే. అందరం పట్టుకోని వస్తిమి. ఆయప్ప ఈ స్తంభానికి ఆనుకోని కూచోనుండె. నిద్రపోతాండాడు అనుకొంటిమి."

"ఎట్ల అడిగినాడు?" అన్నాను.

"ఎట్లంటే?"

"కోపంగా అడిగినాడా?"

"లేదమ్మా. నగుకుంటా అడిగినాడు. నేను చెంబు తెస్తా అని గడప దిక్కు చూస్తానే ఉండె."

అవ్వ కళ్ళు తుడుచుకుంది. "నా కొడుకు మాట ఇనకుండా ఇచ్చింటే అయిపోతాండె" అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఆమె కొడుకు మీద రాలేదు. ఆ ఊళ్ళో ఎవరూ ఆయన చావు కోరలేదు. ఆయన పేరు చెడకూడదని ఊరు ఊరంతా కిందా మీదా పడింది. కోపమంతా ఆయన మీదికే పోయింది. పొద్దున్నే అడగొచ్చు గదా, కడుపు బాగలేనప్పుడే అడగొచ్చు గదా, ఎవరి మెప్పుకోసం అంతసేపు కూర్చున్నావు అని లోపల అరిచాను. ఏడాది తర్వాత ఏదో ఒకటి అనిపించింది అంటే ఆ కోపమే.

పందిరి కిందికి పిలిచారు. పై వీధి పెద్ద నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. "ప్రాణం పోతాండినా మా ఊళ్ళో ఒక్క చుక్క నీళ్ళు అడగని మారాజు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కింద వీధి పెద్ద నా చేతికి చెంబు ఇచ్చాడు. ఇద్దరూ దోసిళ్ళు పట్టి నా ముందర వంగి నిలబడ్డారు.

నేను పోయలేదు.

"అడిగినాడు" అన్నాను.

వాళ్ళు తలలెత్తారు.

"మా ఆయన నీళ్ళు అడిగినాడు. అవ్వను అడిగినాడు. అది గూడ చెప్పండి."

జనంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ తెలిసిన సంగతే అది. నాకొక్కదానికే తెలియదు. పై వీధి పెద్ద దోసిలి విడవకుండానే, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు, మెల్లిగా అన్నాడు.

"అట్ల చెప్తే ఆయప్ప పేరు చెడిపోతాది గదమ్మా. ఆ పేరు కోసరమే గదా మేమంతా..."

"పేరు మీరుంచుకోండప్పా" అన్నాను. "నాకు మనిషి కావాల్సిండె."

చెంబు నా చేతిలోనే ఉంది. ఏడుపు అప్పుడు వచ్చింది, ఆ ఊరి మధ్యలో, అందరి ముందర.